సాక్షికి నెయ్యన్నం

కోటిలింగానికి ముక్కు మీదుండేదంట కోపం. ఎందుకుండదు మరి? వాడి చేలోకి పోయే బండిబాటకి పక్కచేను వీరాస్వామి అడ్డంగా ముళ్లకంప నాటేశాడు. పండిన మిరపకాయంతా నెత్తిన మోసుకోవాల్సిందే అనుకో. నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు. ఆ బాట తాతలనాటిదని చెప్పగలిగినోడు ఊళ్లో ఒక్కడే మిగిలాడు, పిచ్చయ్య తాత. ఎనభై దాటినాయి. విచారణ రోజున బండిలో గడ్డి పరిచి, పైన దుప్పటేసి, తాతని పెళ్లికొడుకులాగా తీసకపోయి కోర్టు అరుగుమీద కూచోబెట్టాడంట. అంతలో ఏమైందంటే, వీరాస్వామి ప్లీడరు నరసింహంగారు గబగబా వచ్చి, మనోడి ప్లీడరు సదాశివరావుగారితో, మా ఇంటావిడకి రేపు పొద్దున్నే ఆపరేషనండీ, ఇయ్యాళే గుంటూరు పోవాలి, పదిహేను రోజులు వాయిదాకి ఒప్పుకుంటారా అని అడిగాడంట. ఈయన రెండో మాట లేకుండా, ఎంతమాట, ముందు మీరు బయల్దేరండి, మున్సబుగారికి నేను చెప్తాలెండి అన్నాడంట.

ఇంకేముంది, కోటిలింగం అగ్గిమీద గుగ్గిలం. ఏందయ్యా ప్లీడరుగారూ, అమ్ముడుపోయినావా? ఈ వాయిదాకున్న తాత పై వాయిదాకుంటాడని రాసిస్తావా అని అరిచాడంట. తాత పక్కనే ఉన్నాడు, అన్నీ వింటన్నాడు! నవ్వబాకమ్మా, విను. సదాశివరావుగారు నెమ్మదిగా, వాదన వాదనే కోటయ్యా, ఇయ్యాళ కష్టం ఆయనకొచ్చింది, రేపు మనకి రాదా అన్నాడంట. వీడికెక్కలా. తాత పోతే బాట పోయినట్టే గదా! అందుకని తాతని తన ఇంటికే తెచ్చి పెట్టుకున్నాడు. పొద్దున పాలు, మధ్యాహ్నం నెయ్యన్నం, సాయంత్రం కోడిపులుసు. పెళ్లాం సుబ్బులు, ముసలి పొట్ట, అరగదయ్యో అన్నా వింటేనా? నెయ్యి ఇంకో గంటెడు పొయ్యవే అనేవాడంట.

పదిహేను రోజులు గడిచినాయి. సరిగ్గా వాయిదా పొద్దున ఏమైందంటే, తాత చేతిలో చెంబు కింద పెట్టడంలా. పోతాడు, వస్తాడు, మళ్లీ పోతాడు. బండెక్కే రాత లేదనుకో. తాత లేకుండా కోటిలింగం ఒక్కడే పోయి కోర్టులో తన ప్లీడరు పక్కన నిలబడ్డాడంట. మున్సబుగారు విసుగ్గా, నాలుగేళ్ల దావా ఇది, సాక్షి రాకపోతే ఇయ్యాళే కొట్టేస్తా అన్నాడు. అటు వీరాస్వామి, కానీండి, కానీండి అని ప్లీడరుని మోచేత్తో పొడుస్తన్నాడంట. నరసింహంగారు లేచాడు. అయ్యా, పోయిన వాయిదా నాకోసం పడింది. ఆ రోజు ఆ పెద్దాయన వచ్చి అరుగుమీద కూచోటం నా కళ్లారా చూశాను. ఆరోజే విచారణ జరిగుంటే ఆయన చెప్పేసి పోయేవాడు. వారం గడువివ్వండి, మాకేం అభ్యంతరం లేదు అన్నాడంట! కోటిలింగానికి కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. తన ప్లీడరు మొహం చూట్టానికి సిగ్గేసి, చెప్పులకేసి చూస్తా నిలబడ్డాడు.

ఆ వారం తాతకి గంజీ, మజ్జిగే. మళ్లా పోయి, ఆ బాటన నేను బండి తోలానయ్యా అని ఖంగున చెప్పాడు. కంప తీయించారు, మిరపకాయ బండెక్కి ఇంటికొచ్చింది. అందరికీ సంతోషమే, ఒక్క తాతకి తప్ప. బాట మీద నిలబడి, ఒరే కోటయ్యా, తీర్పుకి తొందరేమొచ్చిందిరా, ఇంకో వాయిదా అడగలేకపోయినావా అన్నాడంట. నన్నడిగితే తాతదీ న్యాయమే. సాక్ష్యం చెప్పేశాక నెయ్యన్నం ఎవడు పెడతాడు?