పేరు లేని బండ్ల జాబితా

వాహనాల ఆఫీసులో కౌంటరుకి ఇటు వ్యాను డ్రైవరు, అటు గుమస్తా.

"అమ్మా, మా వ్యాను మీద సర్కారు ఆడవాళ్ల హోము పేరు చెరిపేయడానికి పర్మిషన్ వచ్చిందా? నాలుగోసారి తిరుగుతున్నాను."

"వచ్చింది బాబాయ్. మొగుళ్ల దెబ్బలకి పారిపోయి వచ్చినవాళ్లని తిప్పే బండి కదా, మినహాయింపు ఇచ్చారు. ఇక మామూలు నంబరు ప్లేటు పెట్టుకోవచ్చు."

"బతికించావు తల్లీ. పోయిన నెల ఒకడు పెళ్లాం కోసం ఆ పేరు చూసే హోము దాకా వెంటపడ్డాడు. ఆ పిల్ల ఇప్పటికీ కిటికీ దగ్గరికి రాదు."

"ఈ కాగితం మీద సంతకం పెట్టు."

"ఇదేంటమ్మా, మా కొత్త నంబరు రాశారు?"

"పేరు లేని సర్కారు బండ్ల జాబితా. ఎవరూ సొంతానికి వాడుకోకుండా గేటు బయట బోర్డుకి అంటించాలి. రూలు."

"నంబరూ, హోము అడ్రసూ, అన్నీనా?"

"పెద్దసారుకి రెండుసార్లు చెప్పి చూశాను. రూలు రూలే అన్నారు."

"ఎప్పుడు అంటిస్తావు?"

"ఇవాళే అంటించాలి. జిగురు అయిపోయింది."

"జిగురు ఎప్పుడొస్తుంది?"

"జిగురు కావాలని నేను పైకి కాగితం పెట్టాక."

"ఎప్పుడు పెడతావమ్మా?"

"నాకింకా పదకొండేళ్ల సర్వీసుంది బాబాయ్. తొందరేముంది?"