చూడకుండా బిగించిన రెక్క

షోజి జేబులోంచి కొలత టేపు తీసేసరికి కిమొకేయోకి ఒళ్లు మండిపోయింది. హవాయిలోని మకహా తీరంలో ముప్పై ఏళ్లుగా ఎవరి బోర్డు అడుగున రెక్క బిగించాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. నిలబడి తెడ్డు వేస్తూ కెరటాలెక్కే ఆ పొడుగాటి బోర్డుల మీద ఆయన ఏనాడూ టేపు పెట్టి ఎరగడు. అలాంటిది, నిన్నగాక మొన్న బోర్డుల దుకాణం తెరిచిన కుర్రాడు వచ్చి ఆయన అన్న కూతురి బోర్డుకే కొలతలు తీస్తానంటే ఎలా ఊరుకుంటాడు?

ఆ అన్న కూతురు నొహేయా. ఇంకో గంటలో ఆమెకి పోటీలో ఆఖరి రౌండు. కిందటి రెండేళ్లూ ఇదే పోటీలో ఇక్కడిదాకా వచ్చి ఓడింది, రెండుసార్లూ రెక్క పెట్టింది కిమొకేయోనే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ, ఎండకి కట్టిన టార్పాలిన్ కింద కూర్చున్న ఇంటివాళ్లందరి మొహాల్లోనూ అదే కనబడుతోందని ఆయనకి అనిపించింది. ఈసారి షోజి బిగించాడంటే ఇక ఈ తీరంలో తన చేతికి పని ఉండదు. అదీ ఆయన గుండెల్లో గుబులు.

షోజి చెప్పేది ఒకటే. నడిమి రెక్కని గాడిలో బాగా వెనక్కి జరిపి, పక్కన రెండు చిన్న రెక్కలు కూడా తగిలిస్తే బోర్డు కెరటాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కిమొకేయో అదంతా కొట్టిపారేశాడు. ఇవాళ కెరటాలు చిన్నవి, మెత్తనివి. ఒంటి రెక్క చాలు, దాన్ని గాడిలో వేలెడు ముందుకి జరిపితే బోర్డు చెప్పినట్టు తిరుగుతుంది అన్నాడు.

నొహేయా ముసుబి అన్నం ముద్ద కొరుకుతూ ఇద్దరినీ విన్నది. "బాబాయ్, ఒంటి రెక్కే ఎందుకో చెప్పు. నమ్మేలా ఉంటే నువ్వే బిగించు," అంది.

ఆయనకి కావాల్సింది అదే. బోర్డు బోర్లా పడుకోబెట్టి ఉంది. కిమొకేయో ఎప్పుడూ దానికి ఎడమ పక్కనే కూర్చుంటాడు, తోక తన కుడిచేతికి అందేలా. కానీ ఇవాళ జనమంతా ఆ ఎడమ పక్క నీడలోనే ఉన్నారు. జనానికి వీపు చూపించి కథ చెప్పే అలవాటు ఆయనకి లేదు. అందుకని రెక్కా స్క్రూడ్రైవరూ పట్టుకుని బోర్డుకి కుడి పక్కకి వెళ్లి, వాళ్లకి ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు పుట్టకముందు సంగతి ఇది," అని మొదలుపెట్టాడు. "ఇదే పోటీ, ఇదే తీరం. నా బోర్డు ఎంతకీ తిరగడం లేదు. ఒడ్డుకొచ్చి రెక్కని బియ్యపు గింజంత ముందుకి జరిపాను. అంతే, ఎక్కువేం లేదు. మళ్లీ వెళ్తే వెన్నలో కత్తి తిప్పినట్టు తిరిగింది. గెలిచాను."

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఆయన పెద్దక్క హౌలాని కూడా కోడిమాంసం వడ్డిస్తూ, గెలిచిన మాట నిజమేనంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గింజంత జరిపితేనే ఇంత ఉందే, వేలెడు జరిపితే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. జరిపాను. కెరటమెక్కి ఇలా కాలు నొక్కానో లేదో, బోర్డు ఎంత వేగంగా తిరిగిందంటే నా వీపు నాకే కనబడింది. ఎడమ భుజం కింద పుట్టుమచ్చ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. కావాలంటే మా అక్కనడుగు, మచ్చ ఉందా లేదా?"

మచ్చ ఉన్నమాట నిజమేనని హౌలాని ఒప్పుకుంది. చూశావా అన్నట్టు ఆయన షోజి వైపు చూసి, రెక్కని గాడిలో దించాడు.

"మరి వెనక్కి జరిపితే ఏమవుతుంది బాబాయ్? నేను చెప్పేది అదేగా," అన్నాడు షోజి.

"అదే వస్తున్నా. నీలాంటి తెలివైనవాడే ఒకడు ఆ రోజు నాకు చెప్పాడు, పూర్తిగా వెనక్కి పెట్టు, తిన్నగా పోతుందని. పెట్టాను. పోయింది. తిన్నగా పోవడమంటే అలా ఇలా కాదు నాయనా. తిరగమంటే తిరగదు, ఆగమంటే ఆగదు. ఎదురుగా కవాయి దీవి వచ్చింది. పక్కకి తప్పుకోవచ్చుగా? తప్పుకోదే. ఆ దీవిలోని చేమ మళ్ల నీళ్లలోంచి జుయ్యిమని దూసుకుపోయాను. మళ్లో ఉన్న ముసలమ్మ ఒకావిడ, పాపం బిడ్డ ఆకలిమీద ఉన్నాడని గిన్నెడు చేమదుంప జావ చేతికిచ్చింది. గిన్నె తిరిగిచ్చే లోపల దీవి అయిపోయింది."

"గిన్నె ఏం చేశావురా మరి?" అంది హౌలాని.

"నెత్తిన పెట్టుకున్నాను. ఎండ మండిపోవట్లా? జపాన్ తీరంలో జాలర్లు నన్ను చూసి అదేదో కొత్త రకం టోపీ అనుకున్నారు. ఈ షోజి వాళ్ల తాతని అడగండి, అక్కడ ఆ ఏడాది అందరూ గిన్నెలే పెట్టుకుని తిరిగారు."

వాళ్ల తాత ఈ దీవిలోనే పుట్టి పెరిగాడనీ, జపాన్ మొహం చూడలేదనీ షోజి గొణిగాడు. కిమొకేయో వినిపించుకోలేదు. అంత వేగానికి రెక్క కూనిరాగం తీయడం మొదలుపెట్టిందన్నాడు. ఆ రాగం విని తిమింగలాలు వెంటబడ్డాయన్నాడు. వాటిలో ఒకటి నిండుచూలాలు, దారిలోనే ఈనింది. ఆ దూడకి తన పేరే పెట్టారన్నాడు. ఎవరు పెట్టారని అడిగితే, ఇంకెవరు, వాళ్ల అమ్మే అన్నాడు. అలా తిన్నగా వెళ్లి వెళ్లి, భూమి గుండ్రం కదా, నలభయ్యో రోజున మళ్లీ మకహాకే వచ్చాడు. కాకపోతే కొండ వైపు నుంచి.

"సముద్రం మీద వెళ్లినవాడివి కొండ మీంచి ఎలా దిగావు?" అంది నొహేయా.

"తిన్నగా రావడమంటే అదేనమ్మా. నడుమ కొండ ఉంటే నా తప్పా? అప్పటికే నాకు విసుగు పుట్టింది. ఇలా వదిలేస్తే రెండో చుట్టు మొదలెట్టేలా ఉంది. బోర్డు మీదే బోర్లా పడుకుని, చెయ్యి అడుక్కి పోనిచ్చి, గోటితో స్క్రూ ఊడదీసి, రెక్కని వేలెడు ముందుకి జరిపి బిగించాను. కళ్లు మూసుకుని. ఈ చేతికి కళ్లతో పనేంటి? టేపుతో పనేంటి? ఇదిగో, ఇప్పుడు మాత్రం చూస్తున్నానా?"

నిజంగానే ఆయన చూడలేదు. మాటల మధ్యలోనే రెక్కని వేలెడు ముందుకి జరిపి, స్క్రూ బిగించేసి, చేతులు దులుపుకున్నాడు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు గానీ చేతులు ఎవరూ చూడలేదు. ఆ రెక్క సొరచేప వీపు మీది రెక్కలాంటిది, కొన తోక వైపు వంగి ఉండాలి. ఎటు వంగాలో మకహాలో చంటిపిల్లకైనా తెలుసు.

నొహేయా లేచి వచ్చి రెక్క కొన మీద వేలు పెట్టింది. "బాబాయ్, ఇది ఎటు చూస్తోంది?"

కిమొకేయో తల తిప్పి చూశాడు. కొన బోర్డు ముక్కు వైపు చూస్తోంది. ముప్పై ఏళ్లుగా ఎడమ పక్క కూర్చున్న చెయ్యి, కుడి పక్క కూర్చున్నా అలవాటుగా కొనని తన కుడి వైపుకే పెట్టేసింది.

"అదేరా సంగతి," అంది హౌలాని. "నువ్వు లోకమంతా వెనక్కి వెనక్కి తిరిగావు. అందుకే కొండ మీంచి దిగావు."

టార్పాలిన్ కింద నవ్వులు ఆగలేదు. కిమొకేయో మొహం ఎర్రబడింది. నన్ను ఇటు పక్క కూర్చోబెట్టింది మీరే కదా అని ఎగిరాడు. షోజి మెల్లగా స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపితే, ఆయన పిడికిలి ఇంకా బిగించాడు.

"ఇవ్వను. ఒక్కసారి తిరగబడితే చెయ్యి పోయినట్టేనా? ఈ తీరంలో సగం బోర్డులు నా చేతి మీద నడిచాయి." అంటూ దాన్ని వీపు వెనక దాచాడు.

నొహేయా ఆయన పక్కన గొంతుకూర్చుంది. "కోపం తర్వాత. ఒకటి చెప్పు. ఇవాళ్టి నీళ్లకి ఒంటి రెక్క, వేలెడు ముందుకి. ఆ మాటన్నా నిజమా, అదీ కొండ మీంచే దిగిందా?"

"నిజం," అన్నాడాయన. ఆ మధ్యాహ్నం ఆయన అన్న మాటల్లో అంత చిన్నది ఇంకోటి లేదు.

"అయితే నువ్వే బిగించు. నీ పక్కకి వెళ్లి, చూసి."

కిమొకేయో లేచాడు. బోర్డు చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వెళ్లి, జనానికి వీపు చూపించి కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి ఎవరూ ఎప్పుడూ చూడని కళ్లజోడు ఒకటి తీసి పెట్టుకున్నాడు. స్క్రూ ఊడదీశాడు. కొన తోక వైపు తిప్పి, గాడిలో వేలెడు ముందుకి సర్ది, రెండుసార్లు వంగి చూసుకుని బిగించాడు.

పోటీకి పిలుపు వచ్చింది. నొహేయా బోర్డు చంకన పెట్టుకుని నీళ్ల వైపు నడిచింది. అందరూ ఆమెనే చూస్తున్నారు, షోజి తప్ప. వాడు కళ్లజోడునే చూస్తున్నాడు.

"ఏంట్రా చూపు?" అన్నాడు కిమొకేయో, ఛాతీ విరిచి. "ఇది అంగట్లో దొరికే సరుకు కాదు. ఆ తిమింగలం వదల్లేక వదల్లేక వదులుతూ, గుర్తుగా ఉంచుకోమని ఇచ్చింది."

షోజి వంగి, కళ్లజోడు కాడకి వేలాడుతున్న ధర చీటీని తెంపి ఆయన చేతిలో పెట్టాడు.

"పాపం, తొందరలో ఇది తియ్యడం మర్చిపోయింది బాబాయ్."