బావ రంగేసిన కారు

"అసలు నేను వేద్దామనుకున్నది బొటనవేలంత రంగు" అన్నాడు బావ, వరండా మెట్టు మీద కూర్చుని, కాలు మీద కాలేసుకుని. "గేటు రాసుకుని బానెట్ మీద చిన్న గీత పడింది. అంతే."

ఎదురుగా ముక్కాలి పీట మీద బావమరిది కూర్చున్నాడు. ఇద్దరి మధ్య టీ పళ్లెంలో బావమరిది కారు తాళంచెవి ఉంది. నిన్ననే కొన్న పాత కారు, అతని జీవితంలో మొదటిది. ఎర్రగా ఉండాల్సింది వెలిసి వెలిసి ఇటుకపొడిలా తయారైంది. ఆదివారం కాబోయే భార్యను అందులో తిప్పుతానని మాటిచ్చేశాడు. రంగు మార్చడానికి షెడ్డువాళ్లు నెల పడుతుందన్నారు. "షెడ్డు ఎందుకురా, నేను లేనూ? ఆదివారానికల్లా చేసిపెడతా" అని పొద్దున్నే ఫోన్ చేసి పిలిపించాడు బావ.

పక్కన బావ అత్తగారు బఠానీలు ఒలుస్తున్నారు. పక్కింటి లెక్కల మాస్టారు పేపరు కోసమని వచ్చి, పేపరు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు. మెట్ల పక్కనే, టార్పాలిన్ కింద, బావ స్వహస్తాలతో రంగేసిన కారు ఉంది. రంగేసిన దగ్గర్నుంచి దాన్ని ఎవరికీ చూపించలేదు.

"ముందెప్పుడైనా వేశావా బావా?"

"ఎప్పుడూ లేదు. అదేరా గొప్ప! ఉప్పుకాగితం తెచ్చి ఆ గీత దగ్గర నెమ్మదిగా రుద్దడం మొదలెట్టానా, చెయ్యి ఆగదే! బానెట్ అయింది, తలుపులయ్యాయి, టాపయింది, ఏమిటా అని చూస్తే కారంతా అయిపోయింది. ఎంత నున్నగా వచ్చిందంటే ఒక ఈగ వచ్చి వాలింది, జర్రున జారి కిందపడింది. దాన్ని లేపడానికి ఇంకో ఈగ వచ్చింది, అదీ జారింది. చివరికి ఈగలన్నీ కారు ముందు వరసలో నిలబడ్డాయి, మళ్లీ మళ్లీ జారడానికి."

"టిక్కెట్టు పెట్టాల్సింది" అన్నారు మాస్టారు.

"ఏమండీ!" లోపలి నుంచి అక్క కేకేసింది. "నా పూల దుప్పటి చూశారా? బీరువా అంతా వెతికాను."

"ఇక్కడ కారు సంగతి నడుస్తుంటే దుప్పటి ఏమిటే!" అని బావ తాళంచెవిని పళ్లెంలో కాస్త తన వైపు జరుపుకున్నాడు. "ఆ తర్వాత అద్దాల మీద రంగు పడకుండా పాత పేపర్లు అంటించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధిలో పోయేవాళ్లంతా ఆగి చదవడం మొదలెట్టారు! ఒకాయన ముందు అద్దం మీద వార్త చదువుతూ ఉంటే 'మిగతా ఏడో పేజీలో' అని వచ్చింది. ఏడో పేజీ వెనకద్దం మీదుంది. ఆయన వెనక్కొచ్చాడు, ఆయన వెనకే ఇంకొకాయన. సాయంత్రానికి కారు చుట్టూ జనం గానుగెద్దుల్లా తిరుగుతున్నారు! కావాలంటే మాస్టారినడుగు."

"నేను ఆటల పేజీ ఒక్కటే చదివాను" అన్నారు మాస్టారు. "అదీ తలకిందులుగా అంటించాడు. మెడ పట్టేసింది."

బావమరిది నవ్వాడు. నవ్వుతూనే కళ్లు టార్పాలిన్ మీదికి పోయాయి. "మరి స్ప్రే కొట్టడం కష్టం కదా బావా? షెడ్డువాళ్లు అదే అసలు పని అన్నారు. చెయ్యి వణికితే కారిపోతుందట."

"చెయ్యా? వణకడమా? నాదా?" బావ రెండు చేతులూ చాపి చూపించాడు. "ఆ స్ప్రే గన్ను అద్దెకిచ్చినవాడు కూడా ఇలాగే భయపెట్టాడు. నేను ఊపిరి బిగబట్టి ఈ చివర మొదలెట్టి ఆ చివరిదాకా ఒకే పట్టున లాగాను. మళ్లీ ఊపిరి తీసుకునేసరికి మీ అక్క అన్నం వార్చి, తిని, నిద్రపోయి లేచింది. ఆ గన్ను జోరు ఎంతనుకున్నావు? ఇటు నొక్కితే అటు కారు కదిలింది! హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి ఇటుకలు పెట్టి కొట్టాల్సొచ్చింది."

"ఏం రంగు బాబూ?" అడిగారు అత్తగారు, చేట మీంచి తలెత్తకుండా.

"నీలం అత్తయ్యా! మామూలు నీలం కాదు. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. నా చేతిలో ఉన్న రంగు కాస్తా పొగలా పైకి లేచి పోయింది. మీద తెల్లటి పావురాలు పోతున్నాయి. ఇటు నుంచి తెల్లగా దూరాయి, అటు నుంచి నీలంగా బయటికొచ్చాయి! ఒకదాన్నొకటి గుర్తుపట్టలేక ఏ గూడు ఎవరిదో తేలక కొట్టుకుచచ్చాయి. అంతటితో ఆగిందా? ఆ రోజు మబ్బు పట్టి ఉంది, గుర్తుందా మాస్టారూ? మధ్యాహ్నానికి ఆకాశం నీలంగా అయిందా లేదా?"

"అయింది."

"అదిగో!" బావ తొడ చరిచాడు. ఆ ఊపులోనే తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "రేడియోలో వర్షమని చెప్పినవాడు సాయంత్రం క్షమాపణ చెప్పుకున్నాడు, పాపం. వాడికేం తెలుసు అది నా రెండో కోటింగని!"

బావమరిది జేబు వైపు చూశాడు. "మెరుపు బాగా వచ్చిందా బావా? అమ్మాయి ముందు..."

"మెరుపా! ఒరేయ్, మన వీధి మంగలి కుర్చీ పట్టుకొచ్చి నా కారు తలుపు ముందు వేసుకున్నాడు. అద్దాలు దండగ, ఇక్కడైతే మెడ మీద వెంట్రుక కూడా కనిపిస్తోందన్నాడు. ఒకావిడ బొట్టు దిద్దుకుందామని వంగి, తనకే తెలియని పుట్టుమచ్చ చూసుకుని సంబరపడిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విమానం! పైన పోతున్న విమానం మన ఇంటి మీద ఆగిపోయింది!"

"విమానం ఆగదు బాబూ" అన్నారు అత్తగారు.

"ఆగింది అత్తయ్యా! పైలట్ కిందికి చూస్తే కింద కూడా ఆకాశమే కనిపించింది. ఏది పైదో ఏది కిందదో తేలక అక్కడక్కడే చక్కర్లు కొట్టాడు. కిటికీలోంచి తల బయటపెట్టి 'బాబూ, దాని మీద ఏదన్నా కప్పవయ్యా, నాకు పిల్లలున్నారు' అని దండం పెట్టాడు. అందుకే ఆ టార్పాలిన్. నా కోసం కాదు, ప్రయాణికుల కోసం!"

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. అత్తగారు ఒక బఠానీ నోట్లో వేసుకుని, "ఇప్పుడు విమానాలేమీ లేవుగా. ఒక్కసారి తీసి చూపించండి బాబూ" అన్నారు.

"ఇప్పుడా? ఇంత ఎండలోనా? కళ్లు పోతాయి అత్తయ్యా."

"నావి ఎలాగూ సగం పోయాయి" అన్నారు మాస్టారు.

బావమరిది అప్పటికే లేచాడు. బావ "ఆగరా, ఆగు" అంటుండగానే టార్పాలిన్ కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అది జారి కిందపడింది.

దాని కింద నీలం కారు కనిపించలేదు. బానెట్ నుంచి డిక్కీ దాకా, తలుపుల మీదుగా, ఎర్ర గులాబీల దుప్పటి ఉంది.

గుమ్మంలోకొచ్చిన అక్క నోరు తెరిచింది. "నా దుప్పటి!"

బావమరిది దుప్పటి అంచు పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. కారు మొత్తం ముందుకీ వెనక్కీ ఊగింది. దుప్పటి మాత్రం ఒక్క గులాబీ కూడా కదల్లేదు.

"తడి రంగు మీద కప్పావా?" మాస్టారు అడిగారు.

"దుమ్ము పడుతుందేమోనని..." అన్నాడు బావ. ఆ పొద్దున అతని గొంతు తగ్గడం అదే మొదలు. కానీ ఎంతోసేపు తగ్గలేదు. "చూశావురా, నా రంగు పట్టు! కారు ఊగింది గానీ రంగు వదిలిందా? ఏ షెడ్డువాడన్నా ఇంత గట్టిగా వేశాడేమో చూపించు!"

"తలుపు ఎటుంది బావా?"

బావ కారు చుట్టూ తిరిగి వెతికాడు. ఒక గులాబీ మీద నొక్కాడు, ఇంకో గులాబీ మీద నొక్కాడు. బావమరిది వచ్చి, బావ చొక్కా జేబులో రెండు వేళ్లు పెట్టి, తాళంచెవి తీసుకుని తన ప్యాంటు జేబులో లోతుగా వేసుకున్నాడు.

"ఇటుకపొడి రంగైనా, మా కారు తలుపు తెరుచుకుంటుంది బావా. ఆదివారం అందులోనే తిప్పుతాను."

ముందు అక్క నవ్వింది, తర్వాత మాస్టారు, చివరికి గులాబీల మీద చెయ్యేసుకుని బావ కూడా పగలబడి నవ్వాడు.

అత్తగారు చేట పక్కన పెట్టి లేచారు. "దుప్పటి ఎలాగూ కప్పారు అల్లుడుగారూ. దిండు కూడా తెచ్చిస్తాను, దాన్ని హాయిగా పడుకోనివ్వండి."

"నా దిండు మాత్రం ఇవ్వకమ్మా!" అంది అక్క.