సుద్దముక్కతో గీసిన గడప

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ శ్రీరామచంద్రమూర్తి గారికి, ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మా కృపానందం మాస్టారికి, 'ఈ పిల్ల ఎంతసేపు మాట్లాడుతుందో' అన్నట్టు మొదటి వరసలో వాచీ చూసుకుంటున్న మాస్టారి శ్రీమతి హెలెన్ గారికి, పెద్దలకు, తోటి ఉద్యోగులకు, టిఫిను వాసన పసిగట్టి వెనక వరసలన్నీ నింపేసిన విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు)

నా పేరు శాలిని. ఎనిమిదేళ్ళ క్రితం ఈ కాలేజీలో విద్యార్థిని, నాలుగేళ్ళుగా ఇక్కడి వర్చువల్ రియాలిటీ ల్యాబులో ఉద్యోగిని. కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకోగానే లేని గది ఉన్నట్టు కనబడుతుందే, అందులో నడవొచ్చు, తలుపు తీయొచ్చు, గ్లాసు ఎత్తి కింద పడేయొచ్చు కూడా, అలాంటి గదులు కట్టడం మా పని. వాటిని కట్టడానికి మాస్టారు పదేళ్ళపాటు, ఒక్కో బ్యాచి పిల్లలను వెంటేసుకుని రాసిన సాఫ్ట్‌వేర్ పేరు 'గుమ్మం'. కంప్యూటర్ భాష ఒక్క ముక్క రానివాళ్ళు కూడా 'తాకితే', 'దాటితే', 'దగ్గరికొస్తే' అని తెలుగులో రాసి ఉన్న పెట్టెలను ఒకదాని పక్కకు ఒకటి జరుపుకుంటూ ఇల్లు కట్టేయొచ్చు. అంతవరకూ ఇంజనీరింగ్ డ్రాయింగు చెప్పుకుంటున్న మనిషి, యాభయ్యో ఏట ప్రోగ్రామింగు నేర్చుకుని మొదలుపెట్టిన పని అది.

మొదటిరోజు కంప్యూటర్ ఇస్తారనుకుని వెళితే నా చేతిలో సుద్దముక్క పెట్టారు. "ముందు నేలమీద గీయమ్మా. గీసి, అందులో నడువు. మోచెయ్యి గోడకి తగిలిందనుకో, గది ఇరుకన్నట్టు." మూడో అంతస్తు వరండా నిండా మా గదులే. అటెండరు వెంకటప్పయ్య గారు చీపురు పట్టుకుని, "మీరు రోజూ ఇల్లు కడతారు, నేను రోజూ కూలగొడతా, ఇదేం ఉద్యోగమండీ" అనేవారు. అదిగో, ఆ స్తంభం దగ్గర నిలబడి నవ్వుతున్నారు, కావాలంటే అడగండి.

మేం కట్టిన మొదటి ఇల్లు కంకిపాడు వైపు పెంకుటిల్లు. పెంకు పెంకూ లెక్కపెట్టి పేర్చి, గర్వంగా చూపిస్తే మాస్టారు లోపలికెళ్ళి బయటికొచ్చి, "ఇది ఇల్లు కాదమ్మా, బీరువా. గడపేదీ?" అన్నారు. "లేని గడపకి కాలెవరు ఎత్తుతారు సార్?" అని వాదించాను. "గడప పెట్టి, మీ నాయనమ్మని తీసుకురా" అన్నారు.

మా నాయనమ్మ అమలమ్మ గుణదల నుంచి ఆటోలో వచ్చింది. హెడ్‌సెట్ పెట్టుకుని, చదునైన వరండాలో నాలుగడుగులు వేసి ఆగింది. కుచ్చెళ్ళు కొంచెం పైకి పట్టుకుని, కుడికాలెత్తి, అక్కడ లేని గడపను జాగ్రత్తగా దాటింది. దాటి, "చెప్పులెక్కడ విప్పనయ్యా?" అంది. మేమంతా పగలబడి నవ్వాం. మాస్టారొక్కరే నవ్వకుండా జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు. ఆ తర్వాతి వారం 'గుమ్మం'లో 'విడిస్తే' అని ఇంకో పెట్టె వచ్చింది. అప్పట్నుంచీ మా ల్యాబులో పరీక్ష ఒక్కటే. ఎవరు ఏ ఇల్లు కట్టినా, "కాలెత్తారా?" అని అడిగేవాళ్ళం.

ఇప్పుడు చెప్పబోయేది మాస్టారికి ముందే చెప్పాల్సింది. ధైర్యం చాలక ఇంతమంది మధ్య చెబుతున్నాను.

ల్యాబులో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో రాయమని మార్చిలో కమిటీ నన్నడిగింది. మూడు పేజీలు రాశాను. కొత్తగా వచ్చినదాంట్లో గంటలో మేడ లేస్తుందని, తలుపులే వందల రకాలున్నాయని, 'గుమ్మం'లో మూడో తలుపు తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతుందని, దాని కాలం చెల్లిందని. కింద నా సంతకం. దాని ప్రకారం వచ్చే సోమవారం 'గుమ్మం'ను అన్ని కంప్యూటర్లలోంచీ చెరిపేస్తారు.

మాస్టారు ఏదో అంటున్నారు... "మూడో తలుపు సంగతి కూడా రాశావా?" అంటున్నారు. రాశానండీ. (నవ్వులు)

రిపోర్టులో అబద్ధం లేదు. కానీ కిందటి నెల అదే పెంకుటింటిని కొత్తదాంట్లో కట్టి నలభైమంది పిల్లలను నడిపించాను. గడప ఉంది, చెక్కమీద జీరలు కూడా కనబడుతున్నాయి. ఒక్కరూ కాలెత్తలేదు. ఎందుకో తెలియక 'గుమ్మం'లో మాస్టారి పాత ఫైళ్ళు తిరగేస్తే, తలుపు కొలతల పక్కన ఆయన రాసుకున్న మాట దొరికింది. 'అమలమ్మ గారు ముందు తల వంచారు, తర్వాత కాలెత్తారు. ద్వారబంధం నాలుగంగుళాలు దించాలి.' ఆవిడ నడక చూసి దించిన తలుపది. కొత్తదాంట్లో తలుపు ఎత్తుగా ఉంది, తల వంచే పనిలేక ఎవరూ కిందున్న గడపను చూడలేదు. నాయనమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడ ఇంట్లోకి అడుగుపెట్టే తీరు ఒక్క ఆ ఫైల్లోనే మిగిలింది, చెరిపేయమని రాసిందేమో నేను.

ప్రిన్సిపాల్ గారూ, కొత్త సాఫ్ట్‌వేర్ రావాలి, నేనే పాఠం చెబుతాను. ఒక్క కంప్యూటర్లో మాత్రం 'గుమ్మం' ఉండనివ్వండి. కొత్తగా చేరే పిల్లలు ముందు సుద్దముక్క, తర్వాత అది, ఆ తర్వాతే మిగతావి. సారు "చూద్దాం" అంటున్నారు. సారు చూద్దామంటే ఎన్నాళ్ళో వరండాలో ఫ్యాన్లడిగిన మాకు తెలుసు. (నవ్వులు) అందుకే నా రిపోర్టుకు నాలుగో పేజీ రాసి తెచ్చాను. పెన్ను కూడా తెచ్చాను సార్.

(ప్రిన్సిపాల్ గారు సంతకం చేశారు. చప్పట్లు.)

ఇంకొక్క మాట. ఈ హాలుకు గడప లేదు. పొద్దున్నే తలుపు దగ్గర సుద్దముక్కతో ఒకటి గీశాను. మీలో చాలామంది దాన్ని తొక్కకుండా కాలెత్తి దాటడం నేను మూలన నిలబడి చూశాను. మాస్టారొక్కరే ఆగి, వంగి, జానతో కొలిచి, "వెడల్పు రెండంగుళాలు తక్కువైందమ్మా" అన్నారు.

ఇందాక సన్మానపత్రం చదువుతున్నప్పుడు వెళ్ళి సరిచేశాను మాస్టారూ. వెళ్ళేటప్పుడు ఒక్కసారి చూడండి.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.