ముప్పై ఇండ్ల పెరుగు

నాచారం పాత ఊరి గల్లీలో ఇంటి ఓనరు మైసమ్మ మెట్ల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పై వాటాలో అద్దెకుండే కావ్య, ల్యాబులో పనిచేసే పిల్ల, పక్కనే ఇండ్ల పేర్లతో రంగుల పట్టిక ఉన్న ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. మైసమ్మ నిలదీయడం మొదలుపెడితే ఎదుటివాళ్లు జవాబు చెప్పక తప్పదు.

“ముప్పై ఇండ్ల పెరుగు పట్కపోయినవ్. అందరి పేర్లకాడ రంగులున్నయ్. నా పేరుకాడ తెల్లగున్నదేందే?”

“జల్లెడ వట్టిన పెద్దమ్మా. అన్ని ఇండ్లల్ల కలిపి మూడొందల రకాల సూక్ష్మజీవులు దొరికినయ్. ఒక్కింట్లనే కనవడేటియి నిజంగ పెరుగులయో, మా పరీక్షల తప్పుతోని వచ్చినయో చెప్పలేం. అందుకే సగం ఇండ్లల్లనన్న ఉన్నయే ఉంచి, తక్కినయి తీసేసిన.”

“నాయి తీసేసినవా?”

“నీ పెరుగుల ఉన్న రకం ఇంకెవ్వరింట్ల లేదు.”

“అంటే నాదే మంచిది! గడ్డి ఏడ జూసినా దొరుకుతది, బంగారం దొరుకుతదా?”

“మంచీ చెడూ గాదు. ఎక్కువ ఇండ్లల్ల ఏమున్నదో తెల్వాలె, గంతే.”

“ఆ జల్లెడ కండ్లు జర సన్నగ జెయ్యి. నాయి గూడ ఆగుతయ్.”

“నీయి ఆగితే ఇంకో రెండొందల చెత్త ఆగుతది. రేపు కమ్యూనిటీ హాల్ల గల్లీ అందరి ముంగట చూపియ్యాలె. కని నాకొక్కటి సమజైతలేదు. తక్కిన ఇరవై తొమ్మిది ఇండ్లల్ల ఒకటే రకం ఉన్నది. గట్లెట్ల?”

“ఎట్లేంది? అందరు నాకాడ తోడు పట్కపోయినోల్లే! మా అత్త చేతి తోడు. ఈడ కంపెనీలు రాకముందు, మాకు బర్లున్నప్పటిది. గల్లీకి ఏ కోడలొచ్చినా మొదటి తోడు నాదే.”

“అందరు నీ దగ్గరనేనా?”

“కావాలంటే ఎదురింటి సరితనడుగు.”

“మరి అందరింట్ల ఉన్నది నీ ఇంట్ల ఎందుకు లేదు, పెద్దమ్మా?”

“…ఈ చింతపండుల అన్ని గింజలే.”

“పెద్దమ్మా!”

“బండోడు మోసం జేసిండు.”

“నీ డబ్బా మారిపోయినట్టుంది. పొద్దుగాల ఇంకింత పెరుగియ్యి, మల్ల పరీక్ష జేస్త.”

“వద్దు!”

“ఎందుకు?”

“వద్దంటే వద్దు… చలికాలంల నా మోకాలు ఆపరేషనైంది గద. పన్నెండొద్దులు దవాఖానల ఉన్న. వచ్చి సూస్తె గిన్నెల బూజు. మా అత్త ఎన్నేండ్లు కాపాడిందో. నా చేతుల సచ్చిపాయె బిడ్డా.”

“మరిప్పుడు తోడు వెట్టేది దేంతోని?”

“ప్యాకెట్ పెరుగు. ఎవ్వరు లేవకముందే తెచ్చి గిన్నెల ఒంపుత.”

“ఆర్నెల్ల సందా? ఎవరినన్న ఒక్క చెంచ అడిగితే అయిపోతుండె!”

“నేనడుగుడా? నలభై ఏండ్లు ఇచ్చిన చెయ్యిని ఇప్పుడు చాపుమంటవా? సిగ్గుతోని సావాలె.”

“సరే, ఏడువకు. నీ ఇల్లు లిస్టులకెల్లే తీసేస్త. ఇరవై తొమ్మిది ఇండ్లే అని చెప్త.”

“ఎవ్వరికి తెల్వది గద?”

“తెల్వది. కని మీ అత్త తోడు సావలే పెద్దమ్మా. గల్లీ అంత బతికే ఉన్నది. నీ ఇంట్లనే లేదు.”

“…టైమెంతైంది?”

“ఆరు గావస్తుంది.”

“దీపాలు వెట్టినంక తోడు ఎవ్వరియ్యరు. జరుగు, లేవనియ్యి… సరితా! ఓ సరితా! మీ ఇంట్ల జర తోడుంటే ఇయ్యి బిడ్డా. నాది పోయింది.”

“అమ్మయ్య, అడిగినవా పెద్దమ్మా! ఉగాది నాడు నీ ఇంట్ల పెరుగన్నం తిన్నప్పుడే గల్లీ అందరికి సమజైంది. నువ్వడిగేదాక ఎవ్వరు నోరిప్పద్దనుకున్నం. అప్పటిసంది దినాం నీ పేరు మీద ఒక చెంచ తీసి వెడుతనే ఉన్న!”