బొమ్మ కింద రాయవలసిన పేర్లు

1973 జులై 16న చిత్తూరులో చరిత్ర ఉపన్యాసకురాలిగా చేరిన శ్రీమతి పంకజాక్షి గారు, ఈ 2004 ఆగస్టు నెలాఖరున మా తిరుపతి కళాశాల నుంచి పదవీ విరమణ చేస్తున్నారు. మనస్తత్వశాస్త్రం బోధించే నాకు వారి పక్క గది దొరికింది. ఎవరితోనూ ఎక్కువగా కలవని నాకు, గోడ దాటి వినిపించే వారి పాఠమే ఏళ్ల తరబడి స్నేహంగా నిలిచింది.

1986లో బదిలీపై ఇక్కడికి వచ్చిన నాటి నుంచి విద్యార్థుల ప్రాజెక్టులన్నీ వారి చేతిమీదుగానే వెళ్లాయి. అంటించిన ప్రతి బొమ్మ కింద అది ఏమిటో, ఎక్కడిదో, ఎవరు చేశారో, మన చేతికి ఎలా వచ్చిందో రాసి తీరాలన్నది వారి నియమం. పత్రికలోంచి కత్తిరించినదైతే సంచిక, పుట కూడా ఉండాలి.

1998లో ధరణి అనే విద్యార్థిని కలంకారీపై ప్రాజెక్టు రాసింది. తాను తీసిన ఫొటోలన్నింటి కింద ‘శ్రీకాళహస్తి కలంకారీ’ అని మాత్రమే రాసింది. గడువు సోమవారం, పంకజాక్షి గారు శుక్రవారం దాన్ని తిప్పి ఇచ్చారు. సిబ్బంది గదిలో అందరికీ అది కఠినంగానే తోచింది.

“ఈ మార్కులు పోతే నాకు పీజీ సీటు యాడొస్తాది మేడమ్?” అని ధరణి ఏడ్చింది.

“రేపు పొద్దున బస్టాండుకు రామ్మా. నేనూ వస్తాను” అన్నారు వారు.

శ్రీకాళహస్తిలో, ఆ ఫొటోల్లోని వస్త్రంపై బొమ్మలు గీసిన మునిరామయ్య తన పేరు చెప్పారు. ధరణి రాసుకొని లేవబోయింది. రంగులు ఎవరు వేశారని మేడమ్ అడిగారు. అవి ఇంట్లో ఆడవాళ్లు వేసేవేనని, దానికి పేరెందుకని ఆయన నవ్వారు. ఆయన వదిన, రంగుతో చేతులు నీలంగా ఉన్న సుబ్బులమ్మ లోపలి నుంచే అందుకున్నారు: “నా రంగు లేకుంటే నీ దేవుళ్లు ఎముకల గూళ్లేనప్పా.”

మునిరామయ్యే ముందుగా పగలబడి నవ్వి, “రాయమ్మా, వదిన పేరు కూడా రాయి” అన్నారట.

సోమవారం ప్రాజెక్టు అందింది. ప్రతి బొమ్మ కింద ఇలా ఉంది: గీతలు మునిరామయ్య, రంగులు సుబ్బులమ్మ, ఛాయాచిత్రం ధరణి, శ్రీకాళహస్తి, 1998. మార్కులు వచ్చాయి, సీటూ వచ్చింది. ఆ పుట నకలు ఇప్పటికీ సుబ్బులమ్మ గారి గోడమీద ఉంది.

చూసిన రూపాన్ని మనసు దాచుకొంటుంది. దాన్ని చేసిన చేతిని త్వరగా వదిలేస్తుంది. ఈ మరుపును నేను పుస్తకాల్లో చదివాను. దానికి రోజూ చేసే మందును వారి దగ్గర చూశాను. అందుకు నా కృతజ్ఞతలు.

మా కళాశాల పత్రిక ఈ సంచికకు తమ ఫొటో ఇస్తూ వారు ఒక్కటే కోరారు. దాన్ని ఇక్కడ పాటిస్తున్నాం. ముందున్న ఏళ్లలో వారు పూర్ణారోగ్యంతో, ఆత్మీయుల నడుమ మరెన్నో ఫొటోల్లో నవ్వుతూ కనిపించాలి. తీసినవారి పేరు రాయమని ప్రతిసారీ వారే గుర్తుచేస్తూ ఉండాలి.

శ్రీమతి పంకజాక్షి, తిరుపతి, 2004. ఛాయాచిత్రం: ధరణి, చరిత్ర ఉపన్యాసకురాలు, ఇదే కళాశాల.