మేనమామ ముద్ద

రాయ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్. తిల్దా నుంచి పొద్దుటి లోకల్‌లో వచ్చిన రఘు, అతని చెల్లెలు నళిని. ఆమె ఒళ్ళో పాప.

"ముందు చేతులు కడుక్కో అన్నయ్యా."

"కడుక్కుంటాను గానీ, ఏటయిందో చెప్పవే. ఛుట్టీ పెట్టేసి జల్దీ రా అన్నావు. వస్తే అన్నప్రాశన అంటున్నావు."

"అదే. మేనమామవి కదా. నువ్వే ముద్ద పెట్టాలి."

"ఇవాళా? ఆరో నెల నడుస్తోంది దానికి. ఆడపిల్లకి సరి నెలలో పెడతారేటి? ఏడో నెల రానీ. మీ వదిన్ని తీసుకొస్తాను, వెండి గిన్నె తెస్తాను..."

"వెండి గిన్నె వద్దు."

"నువ్వొద్దంటే సరా? ఏడో నెలలో మంచి రోజు చూసి..."

"ఏడో నెల అనకు అన్నయ్యా."

"బావ ఏడీ?"

"డ్యూటీ."

"మీ అత్తగారు?"

"గుడికెళ్ళారు. ఆవిడ వచ్చేలోపు అయిపోవాలి."

"ఆవిడకి చెప్పకుండానా? నళినీ, నిన్న గుండె డాక్టరుకి చూపించారు కదా. ఏమన్నాడు?"

"అన్నం చల్లారిపోతోంది."

"నేనడిగింది..."

"ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు."

"అంటే ఆపరేషన్ అక్కర్లేదనా?"

"చెయ్యలేమని. ఎంత మెల్లగా చెప్పాడో. బేటీ అన్నాడు నన్ను."

"నాగ్‌పూర్ తీసుకెళ్దాం."

"రిపోర్టులు నిన్ననే ఫోన్లో పంపించాం. వాళ్ళూ అదే అన్నారు."

"పోనీ హైదరాబాద్. అక్కడ నాకు తెలిసినాయన..."

"అన్నయ్యా. ఇలా వచ్చి దాని మొహం చూడు."

"పెదాలు నీలంగా ఉన్నాయేటే?"

"మొన్నట్నుంచీ అంతే."

"పాలే మింగలేకపోతోంది, అన్నం పెడతావా? పలమారితే? అదీ నా చేత్తోనా? నా వల్ల కాదమ్మా."

"మింగక్కర్లేదు. పాలతో మెదిపి గుడ్డలో వడగట్టాను. నాలిక్కి రాస్తే చాలు."

"మొక్కుకున్నావా ఏటి? ఇది పెడితే బతుకుతుందని ఎవరైనా చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదు. బతకదు."

"అలా అనకే."

"ఇంకెవరంటారు? ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. ఆయన డ్యూటీ మీద డ్యూటీ వేయించుకుంటున్నారు. ఆవిడ గుడికి పోతారు. నేనూ ఇదీ మిగులుతాం."

"బతకదని నువ్వే అంటున్నావు. మరెందుకిది? పడుకోనీ దాన్ని. హాయిగా పడుకోనీ."

"నిన్న అత్తయ్య ఫోన్లో మా ఆడపడుచుతో అంటున్నారు. అన్నం ముట్టని బిడ్డకి కర్మ ఉండదంట. మట్టిలో పెట్టేసి వచ్చెయ్యడమేనంట. ఏడాదికోసారి తలుచుకోవడం కూడా లేదంట. ఏటా దాని పేరున ఇంత అన్నం వండి పెట్టుకోవాలంటే, ఇవాళ అది అన్నం ముట్టాలి అన్నయ్యా."